రొయ్యల రైతు సంఘాల పెద్దలకు: సర్వర్ సంగతి సరే, చూసుకునే మనిషి ఎవరు?

నెల్లూరు జిల్లా తీర మండలాల రొయ్యల రైతు సంఘాల పెద్దలకు, కమిటీ సభ్యులకు నమస్కారం.

"మనకంటూ సొంతంగా ఒక వీడియో మీటింగ్ యాప్ పెట్టించు, చాట్ కూడా అందులోనే ఉండాలి, ఎటూ ఫ్రీ సాఫ్ట్‌వేరే కదా" అని ఇందుకూరుపేట నుంచి, అల్లూరు నుంచి, విడవలూరు నుంచి ఎవరికి వారు ఫోన్ చేసి అడుగుతున్నారు. ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెప్పి, ఆ ముక్కలు గ్రూపుల్లో తిరిగి తిరిగి నేను అనని మాటలు నేను అన్నట్టు తయారయ్యే బదులు అందరికీ కలిపి ఒకేసారి బహిరంగంగా రాసేస్తున్నా. తెలియనివాళ్ల కోసం: సర్వర్లు, అంటే యాప్‌లను నడిపిస్తూ ఎప్పుడూ నెట్‌లో ఉండే కంప్యూటర్లు, చూసుకోవడం నా ఉద్యోగం. మా ఇంట్లో రొయ్యల సాగు టైగర్ రొయ్య వేసే రోజుల నుంచి ఉంది. కాబట్టి రెండు వైపుల బాధలూ కొంచెం కొంచెం తెలుసు.

నా మాట ముందే చెబుతా. సొంత సర్వర్ పెట్టొచ్చు, పెట్టాలి కూడా. కాకపోతే మీరు అనుకుంటున్నంత పెద్దది వద్దు. దాన్ని చూసుకునే మనిషికి నెలనెలా డబ్బులిచ్చే ఏర్పాటు లేకపోతే మాత్రం అసలు మొదలే పెట్టొద్దు.

ఎందుకు పెట్టాలో మీకు నేను చెప్పక్కర్లేదు. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి ఎక్కినప్పుడు ఏ కౌంట్‌కు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్కకు) ఎవరు ఎంత ఇస్తారో తెలియక అందరికీ టెన్షనే. అప్పుడు పెట్టుకున్న ఆన్‌లైన్ మీటింగులు గుర్తు తెచ్చుకోండి. ఫ్రీ యాప్ 40 నిమిషాలకు కట్ అవుతుంది. నమస్కారాలు, "అన్నా వినపడతా ఉందా", ఎవరి గుంట గట్టు మీదో మోగుతున్న ఏరియేటర్ల (నీళ్లలో గాలి కలిపే మిషన్ల) చప్పుడు, "ఎవరన్నా మ్యూట్ చేసుకోండయ్యా" అనే కేకలు, ఇవన్నీ అయ్యి అసలు రేటు మాట మొదలయ్యేసరికి స్క్రీన్ నల్లబడుతుంది, మళ్లీ లింకు పంపితే సగం మంది రారు. ఇక గ్రూపు చాట్ సంగతి. అందులో రైతులతో పాటు మేత డీలర్లు, సీడ్ ఏజెంట్లు, కొనేవాళ్ల మనుషులు కూడా ఉన్నారు, ఎవర్ని ఎవరు చేర్చారో అడ్మిన్లకే తెలియదు. ఏ రేటుకు పట్టుబడి చేయాలో (రొయ్యలు పట్టి అమ్మాలో) మనలో మనం మాట్లాడుకున్నది మనవాళ్లందరూ చదవకముందే అవతలివాళ్లు చదివేశారు. ఒక కార్యదర్శి ఫోన్ మార్చగానే ల్యాబ్ రిపోర్టులు, యూనిట్ రూపాయిన్నరకు ఇచ్చే కరెంటు కోసం పెట్టుకున్న అర్జీల కాపీలు, చర్చలు అన్నీ గాలికి పోయాయి. సంఘం పనులన్నీ ఒక మనిషి జేబులో ఉన్న ఫోన్‌లో ఉండటం ఏంది అసలు?

అయితే ఒక మాట. స్క్రీన్‌షాట్‌ను ఏ సర్వరూ ఆపలేదు. లోపల ఉన్న మనిషే ఫోటో తీసి పంపితే సొంత సర్వరైనా, అద్దె సర్వరైనా ఒకటే. సొంతది అయితే లోపల ఎవరున్నారో పేరు పేరునా తెలుస్తుంది, పదవి దిగిన మనిషి ఖాతా అదే రోజు మూసేయొచ్చు, కాగితాలు సంఘం చేతిలో ఉంటాయి. అంతకు మించి ఎవరైనా మీకు ఆశ పెడితే నమ్మొద్దు.

వీడియోకు జిట్సీ అనే ఉచిత మీటింగ్ సాఫ్ట్‌వేర్ చాలు. 2003లో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్ యూనివర్సిటీలో ఎమిల్ ఇవోవ్ అనే విద్యార్థి మొదలుపెట్టిన ప్రాజెక్టు అది. 2015లో అట్లాసియన్ కంపెనీ కొంది, 2018లో ఎయిట్ బై ఎయిట్ కంపెనీ చేతికి వెళ్లింది. యజమానులు మారినా కోడ్ మాత్రం అపాచీ లైసెన్సు కింద ఎవరైనా తీసుకుని నడుపుకునేలా అలాగే ఉంది. వాళ్లే నడిపే ఉచిత సైటు కూడా ఒకటుంది, కానీ 2023 ఆగస్టు నుంచి అందులో గది తెరవాలంటే గూగుల్ ఖాతాతోనో, ఫేస్‌బుక్ ఖాతాతోనో, గిట్‌హబ్ ఖాతాతోనో లాగిన్ కావాలి. మన సర్వర్‌లో పెట్టుకుంటే లాగిన్ ఎవరికి ఉండాలో మనమే తేల్చుకుంటాం. ఇక్కడ జాగ్రత్త అవసరం. ఇన్‌స్టాల్ చేసి వదిలేస్తే దారిన పోయే ఎవరైనా వచ్చి మన సర్వర్‌లో గది తెరుచుకోవచ్చు, అద్దె మనది, మీటింగ్ వాళ్లది. మీటింగ్ తెరిచేవాళ్లకు పాస్‌వర్డ్ పెట్టి, రైతులు మాత్రం లింకు నొక్కి వచ్చేలా, మనం లోపలికి రానిచ్చేదాకా లాబీలో ఆగేలా సెట్ చేయాలి.

అది పనిచేసే తీరు కాస్త తెలుసుకుంటే ఖర్చు ఎక్కడొస్తుందో మీకే అర్థమవుతుంది. జిట్సీలో వీడియో బ్రిడ్జి అని ఒక భాగం ఉంటుంది. అది ఎవరి బొమ్మనూ కలపదు, మార్చదు, ఒకరి నుంచి వచ్చిన వీడియోను మిగిలినవాళ్లకు కాపీలు తీసి పంపుతుంది, అంతే. ముప్పై మంది కూర్చుని అందరూ కెమెరాలు ఆన్ చేశారనుకోండి. ఒక్కొక్కరి బొమ్మ మిగతా 29 మందికి వెళ్లాలి, అంటే 870 వీడియోలు ఒకేసారి సర్వర్ నుంచి బయటకు పోవాలి. ఒక్కోటి అర మెగాబిట్ వేసుకున్నా 435 మెగాబిట్లు. అదే ఒక్కరు మాట్లాడుతూ వంద మంది చూస్తే ఒక మెగాబిట్ చొప్పున 100 మెగాబిట్లతో సరిపోతుంది, గంటకు 45 జీబీ డేటా. మాట మాత్రమే అయితే అందులో ఇరవయ్యో వంతు కూడా పట్టదు. కాబట్టి నియమం ఒకటే: మాట్లాడే మనిషికే కెమెరా. జిట్సీలో మైకుతో పాటు కెమెరా కూడా ఆఫ్‌లో ఉండేలా ముందే సెట్ చేసి పెట్టొచ్చు, అలాగే పెడదాం. మీ ముఖాలు చూడాలని మాకు లేదని కాదు అన్నా, 4జీ సిగ్నల్ మైపాడు అవతలకు పోయేకొద్దీ ఎలా ఉంటుందో మీకు తెలుసు.

ఇంకో సంగతి. వైట్ స్పాట్ (తెల్ల మచ్చల జబ్బు) అనుమానం వచ్చి రొయ్యను కెమెరా ముందు పట్టుకుని "ఇదిగో చూడండి సార్" అంటారు చూశారా, అది దండగ. నెట్ బలహీనంగా ఉంటే జిట్సీ బొమ్మ నాణ్యతను దానంతటదే తగ్గిస్తుంది, పెంకు మీది తెల్ల మచ్చలు అసలు కనపడవు, చెక్ ట్రేలో (మేత తిన్నాయో లేదో చూసే పళ్లెంలో) తేలే తెల్ల పేడ దారాలు, అంటే రొయ్యల పేడ రోగం గుర్తు, కూడా నీటి మెరుపులో కలిసిపోతాయి. ఫోటో తీసి చాట్‌లో పెడితే చెన్నైలో సీబా (ఉప్పునీటి చేపలు, రొయ్యల సాగు పరిశోధన సంస్థ) శాస్త్రవేత్త అయినా, కావలిలో ల్యాబ్ అబ్బాయి అయినా పెద్దది చేసుకుని చూస్తారు. వీడియో మీటింగ్ కంటే చాట్ మనకు ఎక్కువ పనికొస్తుందని నేను మొత్తుకునేది అందుకే.

ఇన్‌స్టాల్ చేయడం కష్టమేమీ కాదు. ఉబుంటు (ఉచిత లినక్స్ సిస్టమ్) ఉన్న మిషన్ ఒకటి, డొమైన్ (నెట్‌లో మన పేరు, అడ్రసు) ఒకటి ఉంటే, కొంచెం అనుభవం ఉన్నవాళ్లకు ఒక సాయంత్రం పని. అందరూ బోర్లా పడే చోటు ఒకటుంది, అది చెబుతా. ఇన్‌స్టాల్ అయిపోగానే ఇద్దరు కలిసి టెస్ట్ చేస్తారు, బొమ్మ బ్రహ్మాండం, మాట బ్రహ్మాండం, అయిపోయిందని గ్రూపులో లింకు పెడతారు, మూడో మనిషి రాగానే అందరికీ బొమ్మా పోతుంది, మాటా పోతుంది. కారణం ఏమిటంటే, ఇద్దరే ఉన్నప్పుడు జిట్సీ సర్వర్‌ను పక్కనపెట్టి రెండు ఫోన్లనూ నేరుగా కలుపుతుంది. మూడో మనిషి వచ్చాకే బ్రిడ్జి రంగంలోకి దిగుతుంది, అది యూడీపీ 10000 పోర్టు, అంటే సర్వర్‌కు ఉండే ఒక నంబరు తలుపు, మీద నడుస్తుంది, ఫైర్‌వాల్‌లో (కాపలా సాఫ్ట్‌వేర్‌లో) ఆ పోర్టు తెరవలేదు. లేదా మిషన్‌కు బయటి ఐపీ (నెట్‌లో దాని నంబరు అడ్రసు) ఒకటి, లోపలి ఐపీ ఒకటి ఉండి, బయటిది ఏదో బ్రిడ్జికి చెప్పలేదు. కాబట్టి ఎవరు పెట్టినా సరే, ముగ్గురు మూడు వేర్వేరు నెట్‌వర్కుల నుంచి మాట్లాడి చూపించేదాకా పని అయిందని ఒప్పుకోవద్దు, డబ్బులూ ఇవ్వొద్దు.

రికార్డింగ్ కావాలని అడిగారు. వద్దంటాను. జిట్సీలో రికార్డింగ్ చేసే భాగం పేరు జిబ్రీ, అది సర్వర్‌లో ఒక క్రోమ్ బ్రౌజర్ తెరిచి, మనలాగే మీటింగ్‌లో కూర్చుని, స్క్రీన్‌ను రికార్డు చేస్తుంది. ఒక మీటింగ్‌కు ఒక జిబ్రీ, దానికి వేరే మిషన్. ఇంత చేసి రెండు గంటల వీడియో తయారు చేస్తే తిరిగి చూసేవాళ్లు ఎవరు? తీర్మానాలు నాలుగు లైన్లు చాట్‌లో రాసిపెట్టండి.

ఇప్పుడు చాట్. కొంతమంది ఎలిమెంట్ అనే చాట్ యాప్ పేరు చెప్పారు, మాట్రిక్స్ అనే ఉమ్మడి చాట్ పద్ధతి మీద నడిచేది. మంచి సాఫ్ట్‌వేరే, ఫ్రాన్స్ ప్రభుత్వం తన ఉద్యోగుల కోసం తయారు చేసుకున్న చాప్ యాప్ కూడా ఆ మాట్రిక్స్ మీదే ఉంది. కానీ 2023 మేలో కేంద్రం ఆపేసిన 14 మెసేజింగ్ యాప్‌లలో ఎలిమెంట్ ఒకటి. రైతు సంఘానికి ఆ తలనొప్పి ఎందుకు? పైగా అందులో ఎన్‌క్రిప్షన్ తాళాలు (మెసేజ్‌లను మూసి తెరిచేవి) ఫోన్‌లో ఉంటాయి, వాటిని దాచుకోకుండా ఫోన్ మారిస్తే పాత మెసేజ్‌లు తెరుచుకోవు. మన కార్యదర్శుల సంగతి తెలిసీ ఆ దారిన పోలేను.

నా ఓటు జులిప్ అనే చాట్ సాఫ్ట్‌వేర్‌కు. 2012లో పుట్టింది, 2014లో డ్రాప్‌బాక్స్ కొనేసింది, 2015లో కోడ్ మొత్తం ఓపెన్ సోర్స్ చేశారు, అంటే ఎవరైనా తీసుకుని వాడుకోవచ్చు. అందులో నాకు నచ్చింది ఏమిటంటే, గ్రూపులో ప్రతి మాటా ఒక టాపిక్ కింద రాసే పద్ధతి ఉంది. "ముత్తుకూరు సీడ్ టెస్టులు" ఒక టాపిక్, "60 కౌంట్ రేటు" ఒక టాపిక్, "కరెంటు బిల్లులు" ఒక టాపిక్. గుడ్ మార్నింగ్ బొమ్మల మధ్య ల్యాబ్ రిపోర్టు వెతుక్కునే పని ఉండదు. కొత్తగా ఎన్నికైన మండల ప్రతినిధి వచ్చినా పాత చర్చ మొత్తం చదువుకోవచ్చు. అందులోనే వీడియో కాల్ బటన్ నొక్కితే మన జిట్సీ గది లింకు వచ్చేలా కలపొచ్చు కూడా.

లోటు లేదా అంటే ఉంది, అదీ పెద్దదే. వాట్సాప్‌లో వేలితో నొక్కిపట్టి మాట్లాడి వదిలేసినట్టు వాయిస్ మెసేజ్ పెట్టే సుఖం జులిప్‌లో లేదు. మన రైతుల్లో టైప్ చేసేవాళ్లు ఎంతమంది? గట్టు మీద నిలబడి, ఒక చేతిలో చెక్ ట్రే పట్టుకుని, ఇంకో చేత్తో మెసేజ్ టైప్ చేయమని ఎవరితో చెబుతాం?

అందుకే అందరినీ సొంత యాప్‌లోకి మార్చాలనే ఆలోచన మానుకోండి. వందల మంది రైతుల వాట్సాప్ గ్రూపులు ఎలా ఉన్నాయో అలాగే ఉండనీయండి. సీడ్ కబుర్లు, వాన కబుర్లు, "మా కాడ కరెంటు పోయింది, మీ కాడ ఉందా" అనేవి అక్కడే నడుస్తాయి, నడవాలి. జులిప్‌లోకి కమిటీ, మండల ప్రతినిధులు, లెక్కలు చూసేవాళ్లు, ఆ యాభై మంది వస్తే చాలు. రేట్ల మీద మన పట్టు, అర్జీలు, లెక్కలు, రిపోర్టులు అక్కడ. నెలవారీ మీటింగ్ జిట్సీలో, దాని లింకు మాత్రం వాట్సాప్‌లో అందరికీ. "అయితే ఇది సగం పనే కదా" అని ఒక పెద్దాయన అన్నారు. అవును, సగం పనే. రెండేళ్ల తర్వాత కూడా నడిచేది ఆ సగమే.

ఫోన్‌లో మెసేజ్ గంట గురించి కూడా ఒక మాట చెప్పాలి. సర్వర్ మనదైనా ఆ గంట మోగాలంటే గూగుల్ దారిలోనో, ఆపిల్ దారిలోనో పోవాల్సిందే, ఆ దారికి తాళం యాప్ తయారు చేసినవాళ్ల దగ్గర ఉంటుంది. జులిప్‌వాళ్లు ఆ సేవను పది మందిలోపు వాడేవాళ్లకు ఉచితంగా ఇస్తారు, మించితే ప్లాన్ తీసుకోమంటారు. లాభాపేక్ష లేని సంఘాలకు మినహాయింపు ఉంది, అర్జీ పెట్టుకోవాలి. అది అధ్యక్షుల వారి పేరు మీద వెళ్లాలి, నా పేరు మీద కాదు.

సర్వర్‌ను నెల్లూరులో సంఘం ఆఫీసులో బీరువా పక్కన పెడదామని కొందరి ముచ్చట. మన కళ్ల ముందే ఉంటుందని వాళ్ల ఆశ, అర్థమైంది. కానీ మామూలు ఫైబర్ కనెక్షన్‌లో మనకు మనదంటూ బయటి ఐపీ చాలాసార్లు ఉండదు, ఇళ్లన్నీ కలిపి ఒకటే వాడతారు, కాబట్టి బయటివాళ్లు మన మిషన్‌ను చేరుకోలేరు. స్టాటిక్ ఐపీకి వేరే కట్టాలి. పైన చెప్పిన అప్‌లోడ్ స్పీడు కావాలి. కరెంటు ఉండాలి. 2021 నవంబరులో పెన్నకు వరదొచ్చి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయి, హైవే కూడా తెగిన రోజులు మరిచిపోయారా? సరిగ్గా అలాంటి రోజునే మనం ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి. మిషన్ అద్దెకు ముంబైలోనో, బెంగళూరులోనో ఉండనీయండి. జిట్సీకి 4 కోర్లు, 8 జీబీ ర్యామ్. జులిప్‌కు వేరే మిషన్, 2 కోర్లు, 4 జీబీ. రెండూ ఒకదాంట్లో ఇరికించి పైసలు మిగిల్చాలని చూడొద్దు. అద్దె రెండింటికీ కలిపి నెలకు ఆరేడు వేల రూపాయలు అనుకోండి, పైన 18 శాతం జీఎస్టీ. యాభై మందికి పంచితే టీ ఖర్చు.

అసలు ఖర్చు మనిషిది. దాని మీద ఎవరూ నోరు విప్పడం లేదు, అందుకే ఈ ఉత్తరం.

రాత్రి కరెంటు పోతే ఏరియేటర్లు ఆగకూడదని జనరేటర్ పక్కన మనిషిని పడుకోబెట్టి జీతం ఇస్తున్నారు కదా. జనరేటర్ కొన్నాం, ఇక అదే చూసుకుంటుందని ఎవరైనా ఇంటికెళ్లి పడుకుంటారా? సర్వర్ కూడా అంతే. హెచ్‌టీటీపీఎస్ లేకపోతే బ్రౌజర్ మైకును, కెమెరాను ముట్టుకోనివ్వదు. దానికి కావాల్సిన సర్టిఫికెట్ లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ ఉచితంగా ఇస్తుంది, 90 రోజులే గడువు, దానంతటదే రెన్యువల్ అయ్యేలా పెడతాం. ఎవరో భద్రత కోసమని 80 పోర్టు మూసేస్తారు, రెన్యువల్ ఆగిపోతుంది, మీటింగ్ రోజు పొద్దున అందరి ఫోన్లలో ఎర్ర హెచ్చరిక. ముందు గడువు దగ్గర పడితే మెయిల్ వచ్చేది, 2025 జూన్ నుంచి వాళ్లు ఆ మెయిళ్లు కూడా మానేశారు. ఉబుంటుకు అప్‌డేట్లు, జిట్సీకి అప్‌డేట్లు, డిస్కు నిండటం, ఫోన్ మార్చి పాస్‌వర్డ్ మరిచిపోయిన సభ్యులు. ఇవన్నీ చూడటానికి నెలకు కొన్ని గంటలు చాలు, కానీ ఆ కొన్ని గంటలు తప్పకుండా ఇచ్చే మనిషి కావాలి.

"మనోడే కదా, చూసుకుంటాడులే" అని నా వైపు చూస్తున్నారని తెలుసు. మొదట పెట్టి ఇస్తాను, రూపాయి అడగను. తర్వాత రోజూ చూడటం నా వల్ల కాదు, నాకు ఉద్యోగం ఉంది, రేపు బదిలీ అయితే ఎక్కడుంటానో తెలియదు. ఊరికే చేసే మనిషిని రాత్రి పదింటికి ఫోన్ చేసి గట్టిగా అడగలేరు. డబ్బు ఇస్తేనే అడగగలరు. నెల్లూరులో, కావలిలో లినక్స్ తెలిసిన పిల్లలు ఇంజనీరింగ్ చదివి హైదరాబాద్ బస్సు కోసం చూస్తున్నారు. వాళ్లలో ఒకరికి పార్ట్‌టైమ్‌గా నెల జీతం మాట్లాడి, రాతపూర్వకంగా కాగితం ఇవ్వండి. ప్రాసెసింగ్ కంపెనీలతోనో, మేత కంపెనీలతోనో పని చేసే కుర్రాడైతే వద్దు, ఎందుకో వివరించక్కర్లేదు.

డొమైన్ సంఘం పేరు మీద, సంఘం మెయిల్‌తో, సంఘం బ్యాంకు ఖాతా నుంచి కొనాలి. కంప్యూటర్ షాపు అబ్బాయి తన పేరు మీద కొని, తర్వాత మాట తేడా వస్తే మన పేరు అతని దగ్గర ఉండిపోతుంది, ఇది ఇదివరకే ఒక సంఘం వెబ్‌సైట్‌కు జరిగింది. అడ్మిన్ పాస్‌వర్డులు ముగ్గురి దగ్గర ఉండాలి, ఆ ముగ్గురూ మూడు వేర్వేరు మండలాల వాళ్లైతే మంచిది. జులిప్‌లో ఒక్క కమాండ్‌తో మొత్తం బ్యాకప్ ఫైలుగా వస్తుంది, అది వారం వారం వేరే ఊళ్లో ఉన్న వేరే మిషన్‌కు పోవాలి. మూడు నెలలకు ఒకసారి ఆ ఫైలు నుంచి కొత్త మిషన్‌లో మొత్తం తెరిచి చూడాలి. తెరిచి చూడని బ్యాకప్‌ను నేను లెక్కలోకి తీసుకోను.

చట్టం వైపు కూడా కాస్త చూడాలి. సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు, ఎకరాల లెక్కలు మన సర్వర్‌లో ఉన్నాయంటే 2023 డేటా రక్షణ చట్టం పూర్తిగా అమల్లోకి వచ్చాక దాని కింద వాటి బాధ్యత మనదే, ఫలానా కంపెనీ అని వేలు చూపించడానికి ఎవరూ ఉండరు. కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సర్ట్ ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల్లో, సర్వర్‌లోకి ఎవరైనా చొరబడితే తెలిసిన 6 గంటల్లో చెప్పాలని, లాగులు (సర్వర్‌లో ఎవరు ఎప్పుడు ఏం చేశారనే రికార్డులు) 180 రోజులు దాచాలని ఉంది. ఇది మన సంఘానికి ఏ మేరకు వర్తిస్తుందో మీ లాయరు గారితో ఒక మాట మాట్లాడుకోండి. లాగులు దాచడానికి ఎటూ ఖర్చు లేదు, నేను పెట్టేస్తాను.

ఇక మీరు చేయాల్సింది చెబుతా. వచ్చే కమిటీ మీటింగ్‌లో తీర్మానం రాయండి: ఏడాది అద్దె, ఏడాది జీతం ఏ పద్దు నుంచి, పాస్‌వర్డులు ఉంచుకునే ముగ్గురు ఎవరు, జులిప్‌లోకి వచ్చే యాభై మంది పేర్లు ఏమిటి. ఏడాది అద్దె ముందే వేరుగా తీసి పెట్టండి, సీజన్ బాగలేదని మధ్యలో ఆపే ఖర్చుల్లో ఇది మొదటిది అవుతుందని నాకు తెలుసు, మీకూ తెలుసు. తీర్మానం కాపీ మీద అధ్యక్ష కార్యదర్శుల సంతకాలు పెట్టి ఫోటో తీసి పంపండి. ఆ ఆదివారమే డొమైన్ కొందాం. సంతకాలు రాకపోతే నన్ను మళ్లీ అడగొద్దు, ఆ 40 నిమిషాల యాప్‌నే వాడుకోండి.

మీ వాడు,
ఇందుకూరుపేట మండలం నుంచి